దారులు మూసిన నాడు క్షతగాత్రుని గతి

తెలుగున మనము ‘ప్రమాదము’ అను మాటను ఆపద అను అర్థమున వాడుచున్నాము. సంస్కృతమున ఆ పదమునకు మొదటి అర్థము ఏమరుపాటు. ఉర్దూలో ఇదే సందర్భమున ‘హాదిసా’ అందురు. అరబ్బీ మూలమును బట్టి ఆ మాటకు ‘సంభవించినది’ అని భావము. ఒక భాష మనుష్యుని ఏమరుపాటును వ్రేలెత్తి చూపుచున్నది. మరియొక భాష జరిగినదానిని జరిగినట్లు చెప్పి ఊరకున్నది. ఈ రెండు భాషలును ఒకే కప్పు క్రింద వినిపించు కళాశాలలో పాఠములు చెప్పువారము గనుక, ఈ రెండు మాటలలో ఏది సత్యమునకు దగ్గర అను ప్రశ్న మాకు తరచుగా తోచుచుండును. 2020వ సంవత్సరపు లాక్‌డౌన్ ఆ ప్రశ్నను మా ముందు మరల నిలిపినది.

ఆ సంవత్సరము మార్చి 22న జనతా కర్ఫ్యూ జరిగినది. మార్చి 25 నుండి దేశవ్యాప్తముగా లాక్‌డౌన్ మొదలైనది. మొదట 21 దినములే అన్నది క్రమముగా పొడిగింపబడి మే 31 వరకు సాగినది. బస్సులు నిలిచినవి, ప్రయాణికుల రైళ్లు నిలిచినవి, బడులు, కర్మాగారములు మూతపడినవి. వీధిలో మనిషి లేడు గనుక వీధి ప్రమాదమును ఉండదని అందరము తలంచితిమి. ఆ తలంపులో సగము నిజమైనది. మిగిలిన సగమును గూర్చియే ఈ వ్యాసము. కోవిడ్ సోకినవారిని గూర్చి ఎంతో వ్రాయబడినది. ఆ వ్యాధి సోకకయే ఆ కాలమున క్రిందపడినవారు, కాలినవారు, ఎముకలు విరిగినవారు, దెబ్బలు తిన్నవారు ఏమైరి? వారికి సాయము ఎట్లు అందినది? ఎక్కడ ఆగినది?

మేము వైద్యులము కాము, తెలుగు చెప్పుకొనువారము. ఐనను మా వీధిలో జరిగిన ఒక సంగతి మమ్ములను ఈ విషయమువైపు మరల్చినది. దానిని ముందుగా విన్నవించి, తరువాత విషయములోనికి పోదుము.

2020 ఏప్రిల్ మాసాంతమునకు ఆంధ్రప్రదేశ్‌లో అత్యధికముగా కోవిడ్ కేసులు గల జిల్లా మా కర్నూలు. పాతనగరములోని మా వీధి రెడ్ జోన్‌లో చేరినది. మూడు సందుల మొగలయందును సరుగుడు బాదులు అడ్డముగా కట్టిరి. ఆ దినములలో మా పొరుగున ఉండు వృద్ధ వడ్రంగి, మేమందరము చాచా అని పిలుచుకొనునాయన, మిద్దె మీది నీళ్ల తొట్టి మూత సరిచేయుటకు నిచ్చెన ఎక్కి జారిపడెను. తొడ ఎముక విరిగినది. 108కి ఫోను చేసితిమి. బండి వచ్చినది, కాని మొదటి సందు మొగ దాటలేక రెండవ సందునకు, అక్కడి నుండి మూడవ సందునకు తిరిగినది. తుదకు నులకమంచము మీద ఆయనను పెట్టి పెద్దరోడ్డు వరకు మోయవలసి వచ్చినది. మామూలు దినములలో నలుగురు పిలువకయే వచ్చెడివారు. ఆనాడు పిలిచినను తలుపులు వెంటనే తెరువబడలేదు. అది వారి దోషమని మేమనజాలము. మా చేతులును వణకినవి.

ఆసుపత్రిలో మొదటి ప్రశ్న కాలిని గూర్చి కాదు, వీధిని గూర్చి. మా వీధి పేరు విన్నంతనే ఆయనను వేరుగా ఒక గదిలో ఉంచిరి. కోవిడ్ పరీక్ష ఫలితము వచ్చువరకు ఆపరేషన్ లేదనిరి. మూడు దినములు గడచినవి. మేము కోపించితిమి, కోపమునకు ఎదుట నిలువదగిన మనిషి అక్కడ ఒక్కరును కనబడలేదు. చాచా బ్రదికెను. నేటికిని కొంచెము కుంటుచు నడచును. ఒకనాడు ఆయన ఉర్దూలో అన్న మాట తెలుగున ఇట్లుండును: “బేటా, నేను పడినది ఏడడుగులే. ఆసుపత్రి దారి మాత్రము ఎన్నడును లేనంత పొడవైపోయినది.”

ఇది ఒక్క మనిషి అనుభవము. దేశమంతటి లెక్క ఏమి చెప్పుచున్నదో చూతము. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ ప్రకటించిన వివరముల ప్రకారము, 2019లో మన దేశమున 4,49,002 రోడ్డు ప్రమాదములు జరిగినవి. 1,51,113 మంది మరణించిరి. 4,51,361 మంది గాయపడిరి. 2020లో ప్రమాదములు 3,66,138కి, మరణములు 1,31,714కి, గాయపడినవారు 3,48,279కి తగ్గినవి. ఒక్క సంవత్సరములో పందొమ్మిదివేల పైచిలుకు ప్రాణములు తక్కువగా పోయినవి. ఇది చిన్న విషయము కాదు.

కాని ఈ మూడు లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో మరియొక సంగతి బయటపడును. గాయపడినవారి సంఖ్య నూటికి సుమారు 23 వంతున తగ్గినది. ప్రమాదముల సంఖ్య నూటికి 18 వంతున తగ్గినది. మరణములు మాత్రము నూటికి 13 వంతుననే తగ్గినవి. అనగా, ప్రమాదములు తగ్గినంతగా చావులు తగ్గలేదు. 2019లో ప్రతి నూరు ప్రమాదములకు దాదాపు 34 మంది మరణింపగా, 2020లో 36 మంది మరణించిరి. ప్రమాదములు అరుదైనవి, జరిగిన ప్రతి ప్రమాదమును ముందటికంటె ఘోరమైనది.

ఇందులకు కారణమేమి? ఒక్క కారణమునకు ముడిపెట్టుట తగదు. మొదటిది వేగము. రద్దీగా ఉన్న రోడ్డు తనంతట తానే వాహనమునకు కళ్లెము వేయును. ఖాళీ రోడ్డుకు ఆ కళ్లెము లేదు. భౌతికశాస్త్ర విద్యార్థులకు తెలిసిన విషయమే: కదలుచున్న వస్తువులోని శక్తి దాని వేగము యొక్క వర్గమును అనుసరించి పెరుగును. గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవు బండి 80 కిలోమీటర్ల వేగమునకు చేరినచో వేగము రెండింతలే. ఢీకొన్నప్పుడు శరీరము భరింపవలసిన శక్తి నాలుగింతలు. కొద్దిపాటి గీతలతో పోవలసిన ప్రమాదము అక్కడనే ప్రాణాంతకమగును. రెండవది, చిన్న చిన్న ప్రమాదములు ఆ దినములలో పోలీసుల లెక్కకు ఎక్కుట తగ్గియుండును. మూడవది, గాయపడినవానికి సాయము అందుటలో కలిగిన ఆలస్యము. దీనిని గూర్చి ముందు విస్తరించి చెప్పుదుము.

ఇది మన దేశపు వింత మాత్రమే కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో 2020లో వాహనములు నడచిన మొత్తము దూరము నూటికి పదివంతులకు పైగా తగ్గినది. ఐనను రోడ్డు మరణములు 2019లో 36 వేలకు పైబడియుండగా, 2020లో దాదాపు 39 వేలకు పెరిగినవి. తిరుగుట తగ్గినది, చావు పెరిగినది! రోడ్డు ఖాళీ యగుట వేరు, భద్రమగుట వేరు అని చెప్పుటకు ఇంతకు మించిన నిదర్శనము అక్కరలేదు.

రోడ్డును విడిచి ఇంటిలోనికి వత్తము. లాక్‌డౌన్ కాలమున ఆసుపత్రులకు వచ్చిన తీవ్ర గాయముల తీరు అనేక దేశములలో ఒకే విధముగా మారినది. మొత్తము సంఖ్య తగ్గినది. రోడ్డు గాయములు, ఆటలలోని గాయములు, పనిచోటి గాయములు బాగుగా తగ్గినవి. కాని వృద్ధులు ఇంటిలో జారిపడి తుంటి ఎముక విరుగగొట్టుకొనుట అంతగా తగ్గలేదు. స్నానాల గదికి, మెట్లకు, నిచ్చెనకు లాక్‌డౌన్ లేదు గదా! పైగా బయటి పనివారు రాలేని దినములలో, ఎన్నడును చేయని పనులను ఇంటివారే చేయబూనిరి. మా చాచా నిచ్చెన ఎక్కుట కూడ అట్టిదే. ఆ పని ఎప్పుడును చేయు యువకుడు సందు అవతలనే ఉండిపోయెను.

ఇంటిలోని గాయములలో చెప్పుకొనుటకు సిగ్గుపడవలసినది మరియొకటి కలదు. కొట్టువాడును, దెబ్బలు తినునామెయు ఒకే కప్పు క్రింద దినములు వారములు గడపవలసి వచ్చినది. జాతీయ మహిళా కమిషన్‌కు గృహహింసను గూర్చిన ఫిర్యాదులు పెరుగగా, 2020 ఏప్రిల్‌లో ఆ సంస్థ ప్రత్యేకముగా ఒక వాట్సాప్ నంబరును ప్రకటింపవలసి వచ్చినది. ఏలనన, నోటితో మాటలాడి సాయము కోరుటకు ఆ స్త్రీకి చాటు లేదు. జారిపడినవాని కొరకు ఫోను చేయుటకు ఇంటివారున్నారు. ఇంటివాడే కొట్టినచో ఫోను చేయువారెవ్వరు? అత్యవసర సేవ యంతయు ఒక పిలుపుతో మొదలగును. ఆ పిలుపే గొంతులో ఆగినచోట ఎన్ని బండ్లున్నను నిష్ప్రయోజనము.

ఇల్లు చేరని వారి సంగతి ఇంతకంటె దయనీయము. వాహనములు నిలిపివేయుటచే వలస కార్మికులు కాలినడకను బయలుదేరిరి. మహారాష్ట్రలోని జాల్నా నుండి నడచుచు పోవుచున్న కార్మికులు అలసి రైలు పట్టాల మీద నిద్రించిరి. రైళ్లు తిరుగుట లేదని వారి నమ్మకము. 2020 మే 8 తెల్లవారుజామున ఔరంగాబాదు సమీపమున ఒక గూడ్సు రైలు వారిమీదుగా పోగా 16 మంది మరణించిరి. మన తెలంగాణములోని ములుగు ప్రాంతమునకు మిరపకోతకు వచ్చిన ఛత్తీస్‌గఢ్‌కు చెందిన 12 ఏండ్ల బాలిక, వంద కిలోమీటర్లకు పైగా అడవిదారిన నడచి, ఏప్రిల్ 18న తన ఊరు దగ్గరపడిన తరువాత ప్రాణము విడిచినది. ఇవి ఏ ఆసుపత్రి క్యాజువాల్టీ పుస్తకములోనికిని ఎక్కని మరణములు. ప్రయాణమును ఆపుటచే ప్రమాదము ఆగలేదు. అది మరియొక దారి పట్టినది.

కర్మాగారముల విషయమునను ఇంతే. యంత్రము ఆగినచో అపాయము ఆగునని మనము తలంచుదుము. విశాఖపట్టణమునకు చేరువనున్న ఆర్.ఆర్. వెంకటాపురమున ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారములో నిలువయుంచిన స్టైరీను, లాక్‌డౌన్ దినములలో తొట్టిలోనే వేడెక్కి, 2020 మే 7 తెల్లవారుజామున ఆవిరియై చుట్టుప్రక్కల ఇండ్లను కమ్మినది. జనులందరును నిద్రలో ఉన్నారు. 12 మంది మరణించిరి. వందలమంది ఆసుపత్రుల పాలైరి. స్టైరీను తగిన చల్లదనమున, తగిన రసాయనపు అదుపులో ఉండవలసిన ద్రవము. చల్లబరచు ఏర్పాటు చాలకపోవుటయు, ప్రమాదమును తెలుపు సైరన్ మ్రోగకపోవుటయు తరువాత జరిగిన విచారణలో తేలినవి. రెండు దినములకే, మే 9న, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దేశములోని కర్మాగారములకు మార్గదర్శకములు జారీ చేసి, తిరిగి తెరచిన తొలి వారమును పరీక్షా కాలముగా భావింపుమని చెప్పినది. ఇల్లు కాలిన తరువాత నుయ్యి త్రవ్వుట మనకు క్రొత్త కాదు గదా!

ఇక గాయపడినవాని ప్రయాణమును గూర్చి చెప్పుకొందము. వైద్యులు ‘గోల్డెన్ అవర్’ అను మాట వాడుదురు. తీవ్రముగా గాయపడినవానికి తొలి గంటలో అందిన చికిత్స ప్రాణము నిలుపుటకు అత్యధిక అవకాశము కల్పించునని దీని భావము. అమెరికాలోని బాల్టిమోరు నగరపు శస్త్రవైద్యుడు ఆర్. ఆడమ్స్ కౌలీ ఈ భావమును ప్రచారములోనికి తెచ్చెను. మన మోటారు వాహనముల చట్టమునకు 2019లో జరిగిన సవరణలో ఈ గంటకు నిర్వచనము చేర్చబడినది. గాయమైన క్షణము నుండి రక్తము కారుట ఆగువరకు, ఊపిరి నిలుచువరకు, పలువురి చేతులు ఒక గొలుసువలె కలిసియుండవలెను. చూచినవాడు పిలువవలెను; బండి రావలెను; దారి ఉండవలెను; ఆసుపత్రి తలుపు తెరువవలెను; రక్తము దొరకవలెను; శస్త్రచికిత్స జరుగవలెను. వీనిలో ఏ ఒక్క లంకె తెగినను మిగిలినవి వ్యర్థము.

ఈ గొలుసును నిర్మించుటలో తెలుగునాట జరిగిన పని దేశమునకే మార్గదర్శకమైనది. 2005 ఆగస్టు 15న హైదరాబాదు నగరమున 108 సేవ ఆరంభమైనది. ఉచితముగా పిలుపునందుకొని, బండిలోనే ప్రథమచికిత్స చేయు శిక్షితులను పంపు ఆ విధానము అచ్చటి నుండి ఇతర రాష్ట్రములకు వ్యాపించినది. మహమ్మారి నడుమనే, 2020 జూలై 1న, ఆంధ్రప్రదేశ్‌లో 108, 104 సేవలకు కలిపి 1,088 క్రొత్త వాహనములు విజయవాడలో ప్రారంభింపబడినవి. బండ్లు లేక కాదు మన కష్టము. బండికిని రోగికిని నడుమ పెరిగిన దూరమే కష్టము.

ఆ దూరము ఎట్లు పెరిగినదో గమనింతము. బండిలోనివారు రోగిని తాకుటకు ముందు తలనుండి కాలివరకు పి.పి.ఇ. కిట్టు ధరింపవలెను. రోగిని దింపిన తరువాత బండినంతను మందునీటితో తుడిచి ఆరబెట్టవలెను. అంతవరకు రెండవ పిలుపునకు పోరాదు. కోవిడ్ రోగులను తరలించు పనికి అనేక వాహనములు కేటాయింపబడినవి. పనిచేయువారిలో కొందరు వ్యాధిపాలైరి. ఇటలీలోని లొంబార్డీ ప్రాంతమున దీని ఫలితమును లెక్కించి చూచిరి. అది గాయముల లెక్క కాదు, ఆసుపత్రి వెలుపల గుండె ఆగినవారి లెక్క. కాని బండి ఒక్కటే, దారి ఒక్కటే గనుక గాయపడినవానికిని అది వర్తించును. లోదీ, క్రెమోనా, పావియా, మాంతొవా అను నాలుగు జిల్లాలలో, 2020 ఫిబ్రవరి 21 నుండి 40 దినములలో అట్టివారు 362 మంది. అంతకుముందు ఏడు అదే కాలమున వారు 229 మందియే. అత్యవసర బృందము చేరు సమయము సుమారు 3 నిమిషములు పెరిగినది. ప్రక్కనున్నవారు ఛాతీని నొక్కి ప్రాణము నిలుపు ప్రయత్నము చేయుటయు బాగుగా తగ్గినది. మూడు నిమిషములు మనకు అల్పము. ఆగిన గుండెకు, తెగిన ధమనికి అల్పము కాదు.

ఆసుపత్రి తలుపు దగ్గరకు వత్తము. మేము కోపించినది అక్కడనే గదా! తరువాత తెలిసికొన్న విషయము మా కోపమును కొంత చల్లార్చినది. 24 దేశములలోని 235 ఆసుపత్రులయందు, శస్త్రచికిత్సకు కొంచెము ముందో తరువాతనో కోవిడ్ నిర్ధారణమైన 1,128 మందిని పరిశీలించిన ఒక అధ్యయనము 2020 మేలో వెలువడినది. వారిలో సగము మందికి ఊపిరితిత్తుల చిక్కులు ఏర్పడినవి. 30 దినములలో నూటికి దాదాపు 24 మంది మరణించిరి. ఈ లెక్క చూచిన తరువాత, పరీక్ష లేక కత్తి పట్టుటకు వైద్యుడు జంకుట కేవలము నిర్దయ కాదని గ్రహించితిమి. కత్తి పట్టినచో ఒక అపాయము. పట్టకున్నచో మరియొక అపాయము. తొడ ఎముక, తుంటి ఎముక విరిగిన వృద్ధుడు మంచముననే పడియున్నకొలది ఊపిరితిత్తులలో నెమ్ము చేరును, వీపున పుండ్లు పడును, కాలి నరములలో రక్తము గడ్డకట్టును. అందుచేతనే సాధ్యమైనంతవరకు రెండు దినములలోపల ఆపరేషన్ చేయవలెనందురు.

కావున దోషము వైద్యునిది కాదు, రోగిది కాదు, ఏర్పాటుది. అనుమానితులను ఒక దారినుండి, తక్కినవారిని వేరొక దారినుండి పంపు విధానము, శీఘ్రముగా ఫలితమునిచ్చు పరీక్ష, అనుమానితునకును వెంటనే ఆపరేషన్ చేయుటకు ప్రత్యేకమైన గది: ఇవి ఉన్నచోట గాయపడినవాడు వేచియుండవలసిన పని తప్పినది. ఇవి లేనిచోట మంచి వైద్యుడు సైతము చేతులు కట్టుకొని కూర్చుండవలసి వచ్చినది.

గొలుసులో ఎవరికిని కనబడని లంకె రక్తము. తీవ్రముగా గాయపడినవానికి కొన్ని సీసాల రక్తము కావలసి వచ్చును. మన కళాశాలలవంటి చోట్ల జరుగు శిబిరములే రక్తనిధులకు ఆధారము. కళాశాలలు మూతపడినవి; శిబిరములు ఆగినవి. ముందుగా కూడబెట్టుకొందమన్నను రక్తము ధాన్యము వంటిది కాదు. ఎర్రకణములు 35 నుండి 42 దినములు మాత్రమే నిలువయుండును. ప్లేట్‌లెట్లు 5 దినములకు మించవు. వారము వారము ఎవరో ఒకరు చేయి చాచుచుండవలసినదే. చివరి లంకె వ్యాయామ చికిత్స. చాచాకు ఎముక అతికినది; కాని కాలిని మరల నడకకు అలవాటు చేయవలసిన ఫిజియోథెరపిస్టు రెండు మాసములు రాలేకపోయెను. నేటి కుంటునడక ఆ రెండు మాసముల గుర్తు.

వీధి సందు మొగనున్న సరుగుడు బాదు ఒక్కొక్కప్పుడు రాష్ట్రపు సరిహద్దంత పెద్దదగును. 2020 మార్చి చివర కర్ణాటకము తన సరిహద్దులను మూయగా, కేరళలోని కాసరగోడువారికి అలవాటైన మంగళూరు ఆసుపత్రులకు దారి తెగినది. ఏప్రిల్ 1న కేరళ హైకోర్టు జోక్యము చేసికొనవలసి వచ్చినది. మరుసటి ఏడు ఆ అనుభవము మన ముంగిటికే వచ్చినది. పెద్ద జబ్బు చేసినచో, తలకు గాయమైనచో హైదరాబాదునకు పోవుట కర్నూలువారికి అలవాటు. 2021 మేలో, తుంగభద్ర అవతలనున్న పుల్లూరు టోల్‌ప్లాజా దగ్గర, ఆంధ్రప్రదేశ్ నుండి వచ్చు అంబులెన్సులను తెలంగాణ పోలీసులు ఆపివేసిరి. లోపలనున్నవారు కోవిడ్ రోగులు. ఆసుపత్రి నుండి ముందుగా అంగీకారము ఉన్నచోగాని పోరాదని నిబంధన. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ నిబంధన అమలును నిలిపివేసినది. కాని ఆ నాలుగైదు దినములు మా ఊరి జనులు మరచిపోలేదు. నది దాటిన బండి గేటు దాటలేకపోయినది.

ఈ విషయములను చెప్పుట లాక్‌డౌన్‌ను నిందించుటకు కాదు. క్రొత్త వ్యాధి ఎదుట నిలిచి, ఆసుపత్రులు నిండిపోవునను భయముతో తీసికొన్న నిర్ణయమది. ప్రయాణములు తగ్గి వేలాది కుటుంబములలో ఆ ఏడు రోడ్డు మరణము సంభవింపలేదు. కాని ఆ మేలు మనము నిలుపుకొన్నది కాదు. రోడ్డు ఖాళీగా ఉన్నన్నినాళ్లు ఊరక దొరకినది. 2021లో రోడ్డు మరణములు 1,53,972కి చేరి 2019ని మించినవి. 2022లో 1,68,491కి ఎగబ్రాకినవి. నూరు ప్రమాదములకు 2021లో 37 మంది పోయిరి. మన రోడ్లు, మన వేగము, మన అలవాటులు మారలేదు. మధ్యలో కొంతకాలము మనము ఇండ్లలో ఉంటిమి, అంతే.

మారినవి లేకపోలేదు. గాయపడినవానికి సాయపడినవారిని వేధింపరాదని సుప్రీంకోర్టు 2016లో మార్గదర్శకములను ఆమోదించినది. 2019 సవరణలో అది చట్టమైనది. 2020 సెప్టెంబరులో దాని నియమములు ప్రకటింపబడినవి. వీని ప్రకారము, రోడ్డుపై పడియున్నవానిని ఆసుపత్రికి చేర్చినవాడు తన పేరు చెప్పనక్కరలేదు. సాక్షిగా ఉండుమని ఎవ్వరును బలవంతపెట్టరాదు. 2025 మే 5న రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు దినముల వరకు, లక్షాయేబదివేల రూపాయలకు మించకుండ, చేతిడబ్బు అక్కరలేని చికిత్సకై కేంద్రము పథకమును ప్రకటించినది. పోలీసు భయముచే, డబ్బు భయముచే ఆగిన చేతులకు ఇవి ధైర్యమీయవలెను. అంటువ్యాధి భయమునకు మాత్రము చట్టము మందు కాదు. దానికి శిక్షణయే మందు: గుడ్డతో గట్టిగా అదిమి రక్తమును ఆపుట, మెడను కదల్చకుండ మోయుట, ముఖమునకు మాస్కు కట్టుకొని ఛాతీని నొక్కుట. ఇవి ఒక్క పూటలో నేర్పదగిన విద్యలు.

మా విద్యార్థినీ విద్యార్థులకు మేము విన్నవించునది ఇంతే. మీ వీధికి అంబులెన్సు ఎటునుండి రాగలదో నేడే చూచియుంచుడు. ఏ సందు మూసినను ఒక దారి తెరచియుండవలెనని పెద్దలతో, పురపాలక సంఘము వారితో చెప్పుడు. కళాశాలలో ప్రథమచికిత్స తరగతి పెట్టినప్పుడు వెనుకబల్లలు నింపక ముందుకు రండు. మీ రక్తవర్గము తెలిసికొనుడు, పిలిచిననాడు పొండు. మరల ఎన్నడైనను దారులు మూయవలసిన కాలము వచ్చునేమో. అప్పుడు గొలుసులోని ఏ లంకెను మూయరాదో ముందుగా తెలిసియుండవలెను.

ప్రమాదమా, హాదిసాయా అను ప్రశ్నను మేమొకనాడు చాచా ముందుంచితిమి. నిచ్చెన జారుట నా ఏమరుపాటే, ఒప్పుకొందునని ఆయన నవ్వెను. సందు మొగ తిరిగి తిరిగి వచ్చిన ఆ బండి సంగతి ఏమనవలెనో మాత్రము ఆయన చెప్పలేదు. గత ఏడాది మా వీధివారు కూడి నిచ్చెనకు అడుగున రబ్బరు తొడుగులు వేయించిరి. నులకమంచమును బాగుచేయించి, మసీదు వసారాలో అందరికిని తెలిసిన చోట నిలిపియుంచిరి. దానికి పట్టెలు వేసినది చాచాయే.